చెవి ఒక్కటే చాలదు

"సార్, మావోడికి ఏ ఫోను తీసియ్యమంటారు?"

నంద్యాల నుంచో, ఆళ్లగడ్డ నుంచో, ఆ దారిలోని శిరివెళ్ల నుంచో నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఈ మాటతోనే మొదలవుతాయి. నేను పుట్టుగుడ్డిని. జిల్లా పరిషత్ హైస్కూళ్లలో తెలుగు పండితుడిగా చేసి రిటైరయ్యాను. బ్రెయిలీ స్లేటు, క్యాసెట్ల టేప్‌రికార్డరు, మాట్లాడే కంప్యూటరు, ఇప్పుడు మాట్లాడే ఫోను, ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి నా చేతుల మీదుగా పోయాయి. అందుకే చూపులేని పిల్లలున్న ఇళ్లవాళ్లు నన్ను వెతుక్కుంటారు.

ఒక ఫోను పేరు చెప్పి పెట్టేయడం తేలికే. కానీ ఫోను కొనేముందు చూసుకోవాల్సినవి బోలెడున్నాయి. అడిగినవాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ వరసగా రాస్తున్నాను. కొన్ని చోట్ల కాస్త కటువుగా ఉంటాను. పండితుణ్ని కదా, అలవాటు పోలేదు.

1. ముందు చూపు ఎంత ఉందో కనుక్కోండి

"మా పాపకు కండ్లు కనపడవు సార్" అని తీసుకొచ్చే పిల్లల్లో చాలామందికి కాస్తో కూస్తో కనపడుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కూడా అంధత్వాన్ని, మందదృష్టిని వేరుగానే చూస్తుంది. అద్దాలు పెట్టినా మంచి కంటిలో చూపు 3/60 కన్నా తక్కువుంటే అంధత్వం. 6/18 కన్నా తగ్గి 3/60 దాకా ఉంటే మందదృష్టి. మామూలు కన్ను 60 మీటర్ల దూరం నుంచి పోల్చుకునేదాన్ని 3 మీటర్ల దగ్గరికెళ్లినా పోల్చుకోలేని పిల్లవాడూ, 18 మీటర్లదాన్ని 6 మీటర్ల దగ్గర పోల్చుకోలేని పిల్లవాడూ ఒకడు కాదు. ఇద్దరికీ ఒకే పరికరం తెచ్చిపెడితే ఒకరికైనా అన్యాయం జరుగుతుంది.

శిరివెళ్ల దగ్గరి పల్లె నుంచి ఏడో తరగతి పాప ఒకతి వచ్చేది. పాపం, టీచరు మంచి మనసుతో ఆమెను మొదటి బెంచీలో, కిటికీ పక్కన కూర్చోబెట్టింది. "బోర్డంతా తెల్లగా మండిపోతాంది సార్" అనేది ఆ పిల్ల. ఎదురు వెలుతురు ఆమె కంటికి గిట్టదు. కిటికీ వీపు వెనక్కి వచ్చేట్టు కూర్చోబెట్టి, పుస్తకం ముఖానికి దగ్గరగా నిలబడేట్టు ఏటవాలు చెక్క ఒకటి చేయించి, నోట్సు లావు నల్ల స్కెచ్ పెన్నుతో రాయించాం. ఫోనులో తెర రంగులు తిరగేసి, నల్లటి వెనుకభాగం మీద తెల్లటి అక్షరాలు పెద్దవిగా పెట్టాం. అవి ప్రతి ఫోనులోనూ ఉండేవే, పైసా ఖర్చు లేదు. ఆమె తన పాఠం తానే చదువుకుంది.

ఇంకో సంగతి. మన సీమలో మేనరికాలు ఎక్కువ. రేచీకటితో మొదలై ఏటేటా చూపు కుదించుకుపోయే రెటినా జబ్బులు ఇలాంటి కుటుంబాల్లో కనపడతాయి. అలాంటి పిల్లలకు చూపు ఉండగానే బ్రెయిలీ మొదలుపెట్టాలి. "ఇంకా కనపడతాంది కదా సార్, ఇప్పుడే ఎందుకు" అంటారు తల్లులు. ఆ మాట వెనకున్న దిగులు నాకు తెలుసు. అయినా ఇప్పుడే. చూపు పరీక్ష కోసం, మందదృష్టి సేవల కోసం హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. 1987 నుంచి నడుస్తోంది. వైద్యంతో బాగుపడని కంటితో ఎలా బతకాలో, ఎలా చదువుకోవాలో నేర్పే విభాగం కూడా అక్కడుంది. ఒక్కసారి వెళ్లి రండి.

2. ఆరు చుక్కలు రానిదే అక్షరం రాదు

ఫోనే చదివి పెడుతుంటే బ్రెయిలీ ఎందుకని చదువుకున్నవాళ్లే అడుగుతున్నారు. దీనిమీద నేను మొండివాణ్ని.

ఆళ్లగడ్డ వైపు ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడున్నాడు. చురుకైనవాడు. పాఠాలన్నీ ఫోనులో విని గడగడా అప్పజెప్పేస్తాడు. వ్యాసం నోటితో చెప్తే ఫోనే టైపు చేసిపెడుతుంది. ఆ వ్యాసాలు చూసి వాళ్ల బడిలో అందరూ మెచ్చుకున్నారు. వాడి చేతికి స్లేటు, స్టైలస్ ఇచ్చి 'బాధ' రాయమన్నాను. 'బాద' అని పొడిచాడు. 'శాస్త్రం' అంటే 'సాస్త్రం'. 'భాష' అంటే 'బాస'.

వాడి తప్పేముంది? మన నోళ్లలో ఒత్తులు పలికేది ఎందరు? ఫోను గొంతు పలికినా, ఆ వేగంలో ద, ధల తేడా పసివాడి చెవికి ఆనదు. చూపున్న పిల్లవాడు ఆ అక్షరాలను బస్సు బోర్డు మీద, గోడ మీద, సినిమా పోస్టరు మీద రోజూ చూస్తుంటాడు. చూపులేనివాడికి అవి వేలి కింద తప్ప ఎక్కడా దొరకవు. బ్రెయిలీలో ద అంటే 1, 4, 5 చుక్కలు. ధ అంటే 2, 3, 4, 6. స, శ రెండూ మూడేసి చుక్కలే గానీ వాటి చోట్లు వేరు. ష అయితే అయిదు చుక్కలు. ఒకసారి వేలికి తగిలాక ఇక మరిచిపోవడం ఉండదు. ఆ పిల్లవాడు ఆర్నెల్లలో దారికొచ్చాడు. ఇప్పుడు నా వాట్సాప్ సందేశాల్లోనే తప్పులు పడుతున్నాడు.

తెలుగు బ్రెయిలీ కష్టమని భయపడకండి. భారతీయ భాషలన్నిటికీ కలిపి 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలీలో మన తెలుగూ ఉంది. ఆరు చుక్కలతో వచ్చే గుర్తులు 63. గుణింతానికి వేరే రూపాలు లేవు: 'కి' అంటే క పక్కన ఇ. కింద వేలాడే ఒత్తులూ లేవు: 'అక్క' అంటే అ, పొల్లు గుర్తుగా 4వ చుక్క, క, క. అచ్చు తెలుగు కన్నా ఇదే సులువని నేను పందెం కాస్తాను. స్లేటు మీద మాత్రం కుడి నుంచి ఎడమకు, అద్దంలో బొమ్మలా తిరగేసి పొడవాలి. కాగితం తిప్పితే ఎడమ నుంచి కుడికి చదవొచ్చు. పిల్లలకు ఇది ఆటలా పట్టుబడుతుంది. పెద్దవాళ్లకే తికమక.

యంత్రమే కావాలంటే బ్రెయిలీని వేలి కిందికి తెచ్చే యంత్రాలున్నాయి. ఆర్బిట్ రీడర్ అని ఒకటి, 20 అక్షరాల వరస దానిది. చిన్న చిన్న పిన్నులు లేచి చుక్కలవుతాయి, మీట నొక్కితే అవి దిగిపోయి తర్వాతి వరస లేస్తుంది. అచ్చేస్తే సంపుటాలకు సంపుటాలయ్యే పుస్తకం గోరంత మెమరీ కార్డులో ఇమిడిపోతుంది. ధర పల్లె సంసారానికి అందనిది, నిజమే. కానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలంలో ఉండే భవిత కేంద్రానికి ఒకటి కొనలేనంత కాదు. నన్నడిగితే ప్రభుత్వం పంచే ల్యాప్‌టాపుల్లో కొన్ని తగ్గించైనా ఇది కొనాలి. ఫోను వినిపిస్తుంది. ఇది చదివిస్తుంది.

3. నేర్పే మనిషి లేకుంటే యంత్రం బీరువా పాలు

ఒక ఇంట్లో ఎవరో దానమిచ్చిన ల్యాప్‌టాప్‌కు పసుపు కుంకుమ పెట్టి బీరువాలో దాచారు. "పగిలిపోతుందేమోనని సార్" అంది అవ్వ. ఆ పిల్లకు దాన్ని తెరవడం కూడా ఎవరూ చూపించలేదు. ఇది ఒక్క ఇంటి కథ కాదు.

ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అని ఉంటుంది. అది పెడితే ఫోను నడవడిక మారిపోతుంది: ఒకసారి తాకితే పేరు చెప్తుంది, రెండుసార్లు తట్టితే తెరుచుకుంటుంది, వేలు కుడికి తోస్తే తర్వాతిదానికి పోతుంది. ఇంట్లో చూపున్నవాళ్లకు ఇది తెలీదు. ఫోను చెడిపోయిందనుకుని దాన్ని ఆపించేస్తారు. బడి నుంచి వచ్చిన పిల్లవాడికి మూగ ఫోను మిగులుతుంది. వాల్యూము మీటలు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే టాక్‌బ్యాక్ వస్తుంది, మళ్లీ అలాగే నొక్కితే పోతుంది. ఈ ఒక్క ఏర్పాటు అమ్మకూ పిల్లవాడికీ ఇద్దరికీ నేర్పితే ఇంట్లో సగం గొడవ సద్దుమణుగుతుంది.

కంప్యూటరుకైతే తెరమీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడరు, ఎన్‌వీడీఏ చాలు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో మొదలుపెట్టాడు. ఉచితం. తెలుగూ చదువుతుంది, కాస్త రోబో గొంతుతో. పిల్లలు మొదట్లో నవ్వుతారు, వారం తిరిగేసరికి దాని వేగం పెంచుకుని మనకు అర్థం కాని జోరులో వింటుంటారు. నేర్పడానికి నా చూపులో అందరికన్నా మంచి గురువు రెండేళ్లు పెద్దదైన ఇంకో చూపులేని పిల్ల. సమగ్ర శిక్షలో పనిచేసే సహిత విద్య టీచర్లు ఉన్నారు గానీ ఒక్కొక్కరికి రకరకాల అవసరాలున్న పిల్లలు ఎందరో, తిరగాల్సిన బడులు ఎన్నో. వాళ్లను తప్పుపట్టను.

4. తెరమీద తెలుగు కనపడితే అది తెలుగని నమ్మకండి

ఇది తెలుగు ప్రచురణకర్తలు, డీటీపీ వాళ్లు, టీచర్లు చదవాల్సిన పాఠం.

మన పుస్తకాలు చాలావరకు ఇంకా పాత డీటీపీ ఫాంట్లలోనే కూర్చబడుతున్నాయి. కంటికి అది చక్కని తెలుగు. కంప్యూటరు లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, కామాలు. తెలుగు ముసుగు కప్పారంతే. స్క్రీన్ రీడరు ముసుగు చూడదు. ఒక పద్యం ఫైలు తెరిస్తే నాకు వినపడింది ఇలా: "డాలర్, ఎఫ్, స్లాష్, క్యూ, కోట్." పద్యం ఎవరిదో కూడా తెలీలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఇన్నేళ్లయినా మన పుస్తకం చూపులేనివాడి దగ్గరికొచ్చేసరికి చెత్తగా మారుతోందంటే అది యంత్రం లోపం కాదు, మన బద్ధకం.

రెండో రకం, పేజీలను ఫొటోలు తీసి పీడీఎఫ్ అని పిలవడం. దాన్ని తెరిస్తే స్క్రీన్ రీడరు ఖాళీ పేజీ అంటుంది. ఫొటోలోంచి అక్షరాలు ఏరే ఓసీఆర్ ఇప్పుడు తెలుగుకు కూడా బాగానే పనిచేస్తోంది. అయితే మ, య; ప, ష; థ, ధ దగ్గర తడబడుతుంది. రెండు కాలమ్‌ల పేజీ అయితే ఇటు సగం వాక్యం, అటు సగం వాక్యం కలిపి కొత్త సాహిత్యం సృష్టిస్తుంది. ఈ మధ్య ఫొటో తీస్తే అందులో ఏముందో మాటల్లో చెప్పే కృత్రిమ మేధ యాప్‌లు వచ్చాయి. నేనూ వాడతాను. బొమ్మ ఎలా ఉందో భలే చెప్తాయి. తెలియనప్పుడు కూడా తెలిసినట్టే చెప్తాయి, అదే చిక్కు. పాఠానికి సాయంగా సరే, మందు చీటీకి మాత్రం పక్క మనిషినే అడగండి.

చట్టం ఎప్పుడో దారి ఇచ్చింది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించి, దివ్యాంగులు చదువుకునే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చన్నారు. చూపులేనివారికి పుస్తకాలు అందించే మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఖరారు చేసింది మన దేశమే. 2016 ఆగస్టులో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. సభ్యత్వం తీసుకుంటే ఫోనులోకే పుస్తకాలు దించుకోవచ్చు. తెలుగు పుస్తకాలు అక్కడ పెరగాలంటే మనం చేసి పెట్టాలి. ఢిల్లీవాళ్లు వచ్చి చేయరు.

5. లెక్కలు మానిపించకండి

"చూపులేనివాళ్లకు సంగీతం బాగా వస్తుంది కదా సార్, అందులో పెట్టమంటారా?" ఈ ప్రశ్నకు నాకు ఒళ్లు మండుతుంది. విజయనగరంలో 1919లో మహారాజావారి సంగీత కళాశాల పుట్టుక వెనుక ఒక చూపులేని పిల్లవాడి సంగీతాభిలాష ఉందని చెప్తారు. గొప్ప సంగతే. అలాగని కళ్లు లేని ప్రతివాడూ ఫిడేలు పట్టాలా? నాకు శ్రుతి అంటే ఏమిటో ఈనాటికీ తెలీదు.

బొల్లా శ్రీకాంత్ పేరు 2024లో వచ్చిన హిందీ సినిమాతో అందరికీ తెలిసింది. మచిలీపట్నం దగ్గర సీతారామపురం వాడు. పదో తరగతి తర్వాత సైన్సు తీసుకుంటానంటే చూపులేనివాడికి కుదరదన్నారు. కోర్టుకెళ్లి తెచ్చుకున్నాడు. పాఠాలు ఆడియోగా చేయించుకుని విని, ఇంటర్‌లో 98 శాతం మార్కులు తెచ్చుకుని, అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి 2012లో బొల్లాంట్ పరిశ్రమ పెట్టాడు. అందరూ సినిమాలో చివరి భాగం చూసి చప్పట్లు కొడతారు. నేను మాత్రం ఆ ఆడియో పాఠాలు కూర్చుని చదివి రికార్డు చేసినవాళ్ల ఓపికను తలుచుకుంటాను.

లెక్కల్లో చెవి మోసం చేస్తుంది. 'ఎక్స్ స్క్వేర్ ప్లస్ ఫైవ్ ఎక్స్' అని ఉన్నదాన్ని, సరిగ్గా టైపు చేయకపోతే, స్క్రీన్ రీడరు 'ఎక్స్ టూ ప్లస్ ఫైవ్ ఎక్స్' అంటుంది. ఆ రెండు నెత్తినుందో పక్కనుందో పిల్లకెలా తెలియాలి? సమీకరణం బొమ్మగా అతికిస్తే అసలు దాటేసి పోతుంది. గణితానికి మ్యాథ్ఎంఎల్ అనే రాత పద్ధతి ఉంది. అందులో రాస్తే ఎన్‌వీడీఏ స్క్వేరును స్క్వేరనే చదువుతుంది.

అంతదాకా టేలర్ ఫ్రేము ఉండనే ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు సరుకు. పలక నిండా ఎనిమిది మూలల గుంటలు, వాటిలో గుచ్చడానికి చిన్న సీసపు ముక్కలు. ముక్కకు ఒక కొసన గీత, ఇంకో కొసన రెండు మొనలు. ఏ కొస పైకి, ఏ దిక్కుకు తిప్పి పెట్టామన్నదాన్ని బట్టి అంకె మారుతుంది: ఎనిమిది దిక్కులు, రెండు కొసలు, మొత్తం 16 గుర్తులు. నిలువు కూడికలు, భాగహారాలు దానిమీద పేర్చుకుంటూ పోతే లెక్క వేలి కింద నిలిచి ఉంటుంది. గాలిలో కలిసిపోదు. ఏ యాప్ కూడా నాకింకా ఆ తృప్తి ఇవ్వలేదు. అబాకస్ కూడా నేర్పండి. బజారులో చిల్లర లెక్కకు అది చాలు.

6. బొమ్మ చేతికి రావాలి

నంద్యాల చుట్టూ తొమ్మిది నందులు. మహానంది పేరు తెలీని పిల్లవాడు ఈ జిల్లాలో ఉండడు. నేను కొంతమంది పిల్లల్ని అడిగాను, నంది ఎలా ఉంటుందని. "ఎద్దు మాదిరి సార్, నిలబడి." గుళ్లో నందిని దూరం నుంచి దండం పెట్టుకోవడమే గానీ తడమనిస్తారా?

ఆళ్లగడ్డలో శిల్పులున్నారు. రోడ్డు పక్కన వాళ్ల షెడ్లలో ఉలి చప్పుడు, ఇప్పుడైతే కోత మిషను రొద. ఒక పెద్ద శిల్పిని అడిగితే "తోలుకోని రా సామీ, రాతికేమవుతుంది" అన్నాడు. పూర్తికాని నంది ఒకటి పిల్లల ముందుంది. ఒక పిల్లవాడు ముట్టె దగ్గర మొదలుపెట్టి, నుదుటి మీదుగా కొమ్ములు, మెడ కింద మడతలు మడతలుగా గంగడోలు, మీదికొచ్చి మూపురం, మెడలో గంటల వరస, ఒక్కొక్కటే తడుముకుంటూ పోయాడు. కాళ్ల దగ్గరికొచ్చి ఆగాడు. "సార్, ఇది కాళ్లు ముడుసుకోని కూచ్చోనుంది!" అని అరిచాడు. పదేళ్లుగా ఆ పేరు వింటున్నాడు. ఎన్ని ఆడియో పాఠాలు విన్నా ఆ ముడిచిన కాళ్లు వాడికి తెలిసేవి కావు. నున్నగా చెక్కిన చోటికీ ఉలి గాట్లున్న చోటికీ తేడా అడిగితే, శిల్పి ఉలి వాడి చేతికిచ్చి, పైన తన చెయ్యి వేసి రెండు దెబ్బలు కొట్టించాడు.

సైన్సు, సాంఘికశాస్త్రం పుస్తకాల్లో సగం పాఠం బొమ్మల్లోనే ఉంటుంది. వేడి చేస్తే గీతలు ఉబ్బే కాగితం, త్రీడీ ప్రింటరు మన మండలాల దాకా రావడానికి టైం పడుతుంది. ఈలోగా అట్టముక్క, ఫెవికాల్, పురికొస, ఆవాలు చాలు. మా ఇంట్లో ఆంధ్రప్రదేశ్ పటం అలాగే చేశాం. నదులకు పురికొస, కొండలకు ఇసుక, జిల్లా కేంద్రాలకు ఆవగింజలు. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయి నంద్యాల కూడా జిల్లా అయినప్పుడు పటమంతా పీకి మళ్లీ అతికించాల్సొచ్చింది. కుందూ ఏ దిక్కుకు పారి ఎక్కడ పెన్నలో కలుస్తుందో వేలితో పోయి తెలుసుకున్న పిల్ల పరీక్షలో దాన్ని తప్పు రాయదు.

7. పరీక్షకు జనవరిలోనే సిద్ధం కండి

కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, సహాయకుడితో రాసే అభ్యర్థికి గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు అది ఒక గంట. బ్రెయిలీలోనో, కంప్యూటరు మీదనో రాసే వెసులుబాటు కూడా అందులోనే చెప్పారు. ఒక పరీక్ష కేంద్రంలో నాకు తెలిసిన పిల్ల దగ్గర పేపరు టైముకే లాక్కున్నారు. ఆ గదిలో ఉన్నాయనకు ఈ సంగతే తెలీదు. ఆ మార్గదర్శకాల కాపీ ఒకటి హాల్ టికెట్‌తో పాటు పెట్టుకుని వెళ్లండి. గొడవ పడకుండా చూపించండి.

సహాయకుడు తెలివైనవాడైతే చాలదు, ఆ పిల్లతో కలిసి ముందే అయిదారు పేపర్లు రాసి ఉండాలి. ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనక్కి చదివి వినిపించమనాలి అన్నవి సాధనతోనే వస్తాయి. అసలు నా ఆశ వేరు. పిల్లలు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుని వాళ్ల జవాబు వాళ్లే టైపు చేయాలి. అచ్చులు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి. ద కొట్టే మీటనే షిఫ్ట్ పట్టి కొడితే ధ. చూడకుండా టైపు చేయడం చూపున్నవాళ్లకు గొప్ప విద్యట. మాకు వేరే దారే లేదు కదా.

8. రోడ్డు మీద ఇయర్‌ఫోన్లు వద్దు

ఇది చిన్న పాఠం గానీ ప్రాణానికి సంబంధించింది. 40వ నంబరు జాతీయ రహదారి నంద్యాల, ఆళ్లగడ్డల మీదుగా పోతుంది. లారీలు ఆగవు. దారి చెప్పే యాప్ ఉందని రెండు చెవులూ మూసుకుని నడిచే పిల్లల్ని తిట్టాను, ఇకముందూ తిడతాను. తెల్లకర్ర ముందు, యాప్ తర్వాత. ఢిల్లీ ఐఐటీ వాళ్లు 2014లో తెచ్చిన స్మార్ట్‌కేన్ మంచిది. మోకాలికి పైన అడ్డొచ్చేవి, అంటే లారీ వెనక చెక్క, వంగిన కొమ్మ లాంటివి మామూలు కర్రకు తగలవు. దీనికి తగలకముందే పిడి వణుకుతుంది. అయినా కింద గుంతను కనిపెట్టేది కర్ర మొనే.

9. బతిమాలకండి, అడగండి

40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. పక్క బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది మీ ఇష్టం. 18 ఏళ్లొచ్చేదాకా పుస్తకాలు, పరికరాలు ఉచితంగా ఇవ్వాలనీ 2016 చట్టంలోనే ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమలులో ఉంది. దీనికంతటికీ మొదటి మెట్టు వైకల్యం ఎంతో చెప్పే సదరం సర్టిఫికెట్. అది లేకుండా ఏ కిటికీ దగ్గరికి పోయినా మాట సాగదు. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకోండి. ల్యాప్‌టాప్, టచ్ ఫోను లాంటివి విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సహాయ సంస్థ ద్వారా వస్తుంటాయి. దరఖాస్తుల కబురు కోసం జిల్లా కార్యాలయంలో కనుక్కుంటూ ఉండండి. 2024 జులై నుంచి దివ్యాంగుల పింఛను 6,000 రూపాయలైంది. అది పిల్లవాడి పేరు మీద వచ్చే డబ్బు. నెలకు ఒక రీఛార్జి, ఏడాదికి ఒక కట్ట బ్రెయిలీ కాగితాలు అందులోంచి తీయడానికి లెక్కలు చూసుకోకండి.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట. హాస్టలుకు పంపడానికి భయమని అయిదుతోనే మానిపించకండమ్మా. ఊళ్లోని బడికే పంపండి, భవిత కేంద్రం టీచరును అక్కడికి పిలిపించండి. ఇంట్లో కూర్చున్న పిల్లకు ఏ యంత్రం కొనిచ్చినా పాటలు వినడానికే పనికొస్తుంది.

ఇక మా ఉపాధ్యాయ సోదరులకు, సోదరీమణులకు ఒక్కటే మనవి. మీ తరగతిలో చూపులేని పిల్ల ఉంటే బోర్డు మీద రాసేది నోటితో కూడా చెప్పండి. నోట్సును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపకండి. యూనికోడ్ తెలుగులో టైపు చేసి పంపండి.